ఆరో నంబర్ సాంచ మీది ఈగ

మా అక్క పేరు రూపాలి. కాలేజీ బోర్డు మీద డాక్టర్ రూపాలి హనుమాండ్లు ఎనగందుల. పద్మనగర్‌లో మాత్రం ఈగల మేడం. గిరాకీ లేక దుకాణాల్లో ఈగలు తోలుకునేవాళ్లు మా గల్లీలో చాలామందే ఉన్నారు గానీ, ఈగల్ని పట్టుకొని డాక్టరేటు తెచ్చుకున్నది మా అక్క ఒక్కతే. ఈ మాట మొదట అన్నది నేను. అన్న వారానికే గల్లీ అంతా పాకింది. అక్క విని నవ్వింది, ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటు. నాది దానికి పూర్తిగా వ్యతిరేకం. నోరు ముందు, బుద్ధి వెనక. రాస్తున్నది అక్క గురించే అయినా మధ్యలో నా సంగతి ఒకటి చెప్పక తప్పదు. ఆ ఒక్కటి చెప్పడానికి నాకు మూడేళ్లు పట్టింది.

మా బాపు హనుమాండ్లు జాబర్. అంటే ఆగిపోయిన సాంచలను నడిపించేవాడు. పవర్‌లూమ్‌ను మేం సాంచ అంటాం. సిరిసిల్ల పక్క పల్లె నుంచి పదహారేళ్ల వయసులో భివండి వచ్చి, నాగావ్‌లో సేట్ల కార్ఖానాల్లో ముప్పై ఏళ్లు స్పానర్ పట్టి, చివరికి పద్మనగర్‌లో ఎనిమిది సాంచల కార్ఖానా పెట్టుకున్నాడు. కింద సాంచలు, పైన మేం. మా ఇంట్లో నూలు దుమ్ము వాలని చోటు లేదు. అన్నం మీద మూత తీసి ముద్ద కలిపేలోపే సన్నగా తెల్లటి పొర పడుతుంది. అది మాకు ఉప్పు కారం లాంటిదే.

బాపు జేబులో ఎప్పుడూ ఒక ఇత్తడి అద్దం ఉండేది. బట్టలో అంగుళానికి ఎన్ని పోగులున్నాయో లెక్కపెట్టే మడత అద్దం. అక్క ఈగల చదువు అక్కడే మొదలైంది. నాలుగో తరగతి చదివేటప్పుడు ఆమె నాగావ్‌కు బాపు అన్నం డబ్బా తీసుకుపోయేది. ఒకరోజు కార్ఖానా వెనక మోరీ పక్కన, గడ్డిపువ్వు ముందు గాల్లో కదలకుండా నిలబడ్డ తేనెటీగను చూసి, కుడుతుందని భయపడి డబ్బా కింద పారేసింది. బాపు బయటికి వచ్చి పప్పన్నం చూశాడు, బిడ్డను చూశాడు, ఈగను చూశాడు. స్టీలు గ్లాసు బోర్లించి దాన్ని పట్టి, కింద కాగితం తోసి, తర్వాత సీసాలోకి మార్చి అద్దం పెట్టాడు.

“రెక్కలు లెక్కవెట్టు బిడ్డా.”

“రెండు.”

“తేనెటీగకు నాలుగుంటయి. ఇది తేనెటీగ గాదు. కొండి గూడ లేదు. ఉన్నట్టు బెదిరిస్తది, గంతే.”

ఈ కథ మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకున్నామో లెక్క లేదు. ప్రతిసారీ పప్పన్నం దగ్గర అవ్వ, అంటే మా అమ్మ సుశీలాబాయి, అడ్డు తగిలేది. “మరి ఆ దినం మీ బాపు ఉపాసం ఉన్నడు, గది ఎవలు చెప్తరు?” అనేది. అందుకని రాస్తున్నాను. ఆ రోజు బాపు పస్తున్నాడు.

గాల్లో నిలబడే ఆ ఈగల్లో ప్రపంచం మొత్తం మీద ఆరువేల పైచిలుకు రకాలున్నాయట. తేనెటీగ వేషం వేసేవి కొన్ని, కందిరీగ వేషం వేసేవి కొన్ని. కొన్నింటి పిల్ల పురుగులు చెట్ల మీద పేనుబంకను తిని బతుకుతాయి. కొన్నింటివి మోరీ నీళ్లలో మునిగి, పొడుగాటి తోక పైకి పెట్టి దాంతో గాలి పీల్చుకుంటాయి. అక్కకు ఈ మోరీవే ఇష్టం. భివండిలో మోరీలకు కరువు లేదు గనక ఆమె ఎటూ పోవలసిన పని లేకపోయింది. వరాలా తలావ్ చెరువులో కలిసే కాలువ దగ్గర మనుషులు సాయంత్రం నడవడానికి వస్తే, మా అక్క వంగి నీళ్లు ముంచుకొనేది. ఆ సీసాలు తెచ్చి వంటింటి గూట్లో పెట్టేది. అవ్వ ఒకసారి చింతపండు రసం అనుకొని ఒక సీసా మూత తీసింది. తోకల పురుగులు చూసి రెండు రోజులు వంటింట్లో అడుగు పెట్టలేదు. అక్కే వండింది. ఆ వంట కన్నా పురుగులే నయమని అవ్వ మూడో రోజు తిరిగి వచ్చింది.

ఆమె పని ఏమిటని అడిగితే నాకు అప్పట్లో సరిగ్గా తెలియదు. ఈగల్ని రకాలుగా విడదీసి, ఏది దేనికి దగ్గరి చుట్టమో తేల్చడం. ఒకసారి బాపు కూడా అడిగాడు. “గిన్ని రకాలు ఏరు చేసి ఏం జేస్తవ్ బిడ్డా?” అని. అక్క అప్పుడే సాంచకు ఎక్కించిన, పడుగు పోగులు చుట్టిన భీమును చూపించింది. “అన్ని పోగులు ఒక్క తాన్నుంచే వచ్చినయనుకో బాపు. ఏది ఏడ విడిపోయిందో చూసుకుంట ఎన్కకు పోవుడు నా పని.” బాపు “అట్లయితే నువ్వు ముడి కోసం దేవులాడాలె. ముడి దొరికితే పోగు ఏడ తెగిందో తెలుస్తది” అన్నాడు. అక్క ఆ మాటను నోటుబుక్కులో రాసుకుంది. నాకు ఒళ్లు మండింది. పొద్దున్నుంచీ రెండో నంబర్ సాంచ ఆగి ఉంటే వీళ్లకు ఈగల చుట్టరికాలు కావాలి.

ఆమెకు ఆ ముడి దొరకడం, పోవడం రెండూ దసరా పండక్కే జరిగాయి.

దసరా ముందురోజు నవమి నాడు మాకు ఆయుధ పూజ. ఏడాదిలో భివండి చెవులకు విశ్రాంతి దొరికే రోజుల్లో అదొకటి. సాంచలన్నీ ఆపి, చిన్న కంప్రెసర్ తెచ్చి, పైపుతో హవా కొట్టి మూలమూలలా ఇరుక్కున్న నూలు దుమ్మును ఎగరగొడతాం. తర్వాత గుడ్డతో తుడిచి, నూనె వేసి, బొట్టు పెట్టి, ఒక్కో సాంచకు ఒక్కో బంతిపూల దండ వేస్తాం. పని చేసే వస్తువేదీ దుమ్ముతో పూజకు నిలబడకూడదని బాపు నియమం. ఆయన స్పానర్లు, అవ్వ కుట్టుమిషను, నా మోటార్‌సైకిల్, అన్నింటికీ హవా పడాల్సిందే. అక్క కొన్న పాత మైక్రోస్కోపుకు మాత్రం గుడ్డతో తుడిచి చిన్న దండ వేసేవాడు. అది బిడ్డ సాంచ అనేవాడు.

కరోనా తగ్గిన ఏడాది, 2021 నవమి నాడు, దండలు వేయడం అయ్యాక బాపు అక్కను కేకేశాడు. ఆరో నంబర్ సాంచ మీది బంతిపూల ముందు ఒక ఈగ గాల్లో నిలబడి ఉంది. బంతిపూల బస్తాలతో పాటు ఏటా కొన్ని వస్తాయి, వింతేమీ లేదు. కానీ బాపు దాని వెనక కాలు చూశాడు. తొడ దగ్గర వెంట్రుకల కుచ్చు ఉంది. “గిట్లాంటిది నువ్వు నాకెన్నడు చూపియ్యలె” అన్నాడు. అక్క వలతో పట్టింది. సాయంత్రం దాకా మైక్రోస్కోపు దగ్గర నుంచి లేవలేదు.

ఆ ఈగ కళ్ల మీద చుక్కలున్నాయి. చుక్కల కళ్లవి ఒక వంశం. తొడ మీద కుచ్చు ఉన్నవి వేరే వంశం. ఈ రెండూ ఒకే ఈగలో ఉన్నట్టు ఎవరూ రాయలేదు. బాపు చెప్పిన ముడి ఇదే కావచ్చు. అలాంటి ఆడ ఈగలు ఏడు అక్క దగ్గర ముందే ఉన్నాయి. మామూలు రకమే అనుకొని పక్కన పెట్టింది, ఎందుకంటే కుచ్చు మగవాటికే ఉంటుంది. మగదని ఎలా తెలుసు అంటే, మగదాని కళ్లు నడినెత్తి మీద ఒకదానికొకటి ఆనుకుంటాయి, ఆడదాని కళ్ల మధ్య సందు ఉంటుంది. మగది ఇదొక్కటే. కొత్త రకం అని చెప్పి పేరు పెట్టాలంటే, ఆ పేరును మోయడానికి కుచ్చున్న ఈగ ఒకటి కావాలి. దాన్ని మ్యూజియంలో దాచాలి. ఎవరికి అనుమానం వచ్చినా వెళ్లి దాన్నే చూసుకోవాలి. ఇదంతా అక్క ఆ రోజు అన్నం తింటూ చెప్పింది. ఆమె అన్ని మాటలు ఒక్కసారే మాట్లాడటం నేను అంతకు ముందు చూడలేదు.

“ఏం పేరు వెడ్తవ్?” అన్నాడు బాపు.

“నువ్వే చెప్పు. దొరకవట్టింది నువ్వు.”

“ఊరి పేరు వెట్టు. పద్మనగర్ అని. మన పేర్లు ఎవలకు గావాలె.”

తర్వాత ఏడాదంతా అక్క దాన్ని మిగతా ఈగలతో పోల్చడంలోనే గడిపింది. ఊరూరి మ్యూజియాలకు ఉత్తరాలు రాసింది. పాత పుస్తకాలు తెప్పించింది. మగదాని తోక చివర విప్పి లోపలి భాగాలు చూసి బొమ్మ గీస్తే గానీ పని పూర్తి కాదు. అది ఒక్కసారే చేయగలిగిన పని, చెయ్యి వణికితే ఈగ పోతుంది. అందుకని దాన్ని, కాలి బొమ్మను, దసరా సెలవుల దాకా ఆపింది. ఫోన్‌తో ఫొటోలు తీసింది గానీ వాటిలో కుచ్చు ఒక మసక మరకలా పడింది. సెలవులకు కాలేజీకి రంగులు వేస్తున్నారని డబ్బాను ఇంటికి తెచ్చింది. అద్దం మూత ఉన్న చెక్క డబ్బా. లోపల నలభై పిన్నులు, నలభై ఈగలు, ఒక్కో దాని కింద ఒక్కో చీటీ. బాపు ఆ డబ్బా మీద నిజంగానే ఈగ వాలనిచ్చేవాడు కాదు. అవ్వ దాని పక్కన చేట పెట్టినా ఊరుకునేవాడు కాదు.

2022 అక్టోబర్ నాలుగో తేదీ, నవమి. అక్కకు పొద్దున కాలేజీలో ఏదో మీటింగు. పూజ వేళకు వస్తానని వెళ్లింది. పదకొండింటికి లైటు పోతుందని ముందురోజే చెప్పారు. లైటు పోతే కంప్రెసర్ నడవదు. నేను కింద ఒక చేత్తో ఫోన్ పట్టుకొని నూలు వ్యాపారితో గొడవ పడుతున్నాను. బాపు పైపు పట్టుకొని పైకి వెళ్లాడు, అవ్వ కుట్టుమిషనుకు కొట్టడానికి. అక్కడి నుంచి కేకేశాడు.

“భూషణ్, అక్క డబ్బల దుమ్ము వడ్డదిరా. ఈగల మీద గూడ తెల్లగ కనవడుతున్నది. హవా కొట్టాల్నా? అక్కకు ఫోన్ చేసి అడుగు.”

ప్రతి మాటా నాకు వినబడింది. సాంచల మోత లేదు, వినబడలేదని చెప్పుకోవడానికి కూడా వీల్లేదు. నేను ఫోన్ చేయలేదు. “అన్నిటికి కొట్టు బాపు, జల్ది. లైటు వోతది” అన్నాను. విసుగ్గానే అన్నాను.

బాపు యాభై ఏళ్లు సాంచల మీద దుమ్మును అలాగే తీశాడు. ఇనుము, చెక్క, నూలు, ఏదైనా హవాకు ఆగుతుంది. ఈగను ఎండిన తర్వాత ఆయన ఎన్నడూ చేత్తో ముట్టలేదు గనక అది ఎంత పెళుసో ఆయనకు తెలియదు. మూత తీసి పైపు పెట్టాడు. ఒక్క క్షణం.

“భూషణ్, హవా బంద్ చెయ్యి” అన్నాడు పైనుంచి. ఆ గొంతుకే నేను మెట్లెక్కాను. నలభై పిన్నులూ నిలబడే ఉన్నాయి. వాటి మీద ఈగలు లేవు. కొన్నింటికి ఛాతీ ముక్క మిగిలింది, అంతే. చీటీలు కొన్ని గోడకు అతుక్కున్నాయి. బాపు పైపును కింద పెట్టలేదు, రెండు చేతులతో పట్టుకొని అలాగే నిలబడ్డాడు.

నాకు ఏం చేయాలో తోచలేదు. తోచనప్పుడు నేను పని చేస్తాను. చీపురు తీసి గదంతా ఊడ్చి, ఆ దుమ్మును మెట్ల మీద నుంచి కిందికి తోసి, కార్ఖానా దుమ్ములో కలిపేశాను. ఎందుకలా చేశానో ఇప్పటికీ చెప్పలేను. కనబడకుండా చేస్తే జరగనట్టే అవుతుందని అనుకున్నానేమో.

అక్క బంతిపూల సంచితో వచ్చింది. బాపు ఎదురెళ్లాడు.

“బిడ్డా, నేను కొట్టిన. నీ డబ్బకు హవా నేనే కొట్టిన.”

నేను బాపు వెనకే ఉన్నాను. నా పేరు వస్తుందని చూశాను. రాలేదు. నేను కూడా చెప్పలేదు. అడ్డమైన ప్రతి మాటకూ లేచే నా నోరు ఆ రోజు లేవలేదు.

అక్క డబ్బా చూసింది. మగ ఈగ పిన్ను దగ్గర వేలు పెట్టి, మిగిలిన ముక్క కదులుతుందేమో అన్నట్టు ఆగింది. తర్వాత మూత వేసింది. “పూజకు యాళ్ల అయితున్నది బాపు. తానం చెయ్యి” అంది. కిందికి వచ్చి ఎనిమిది సాంచలకూ దండలు వేసింది. మైక్రోస్కోపుకు బొట్టు పెట్టింది. పులిహోర తిన్నది. ఆమె ఏడిస్తే బాగుండేది, తిడితే ఇంకా బాగుండేది. మొహంలో ఏమీ లేదు. కొంతసేపటికి నాకు కూడా లోపల ఏమీ లేకుండా పోయింది. పంటి డాక్టరు సూది వేశాక దవడ ఉంటుందే, అలా. కొరికినా తెలియదు.

సెలవుల తర్వాత ఆమె ఆ పిన్నును చిన్న పెట్టెలో పెట్టుకొని పుణె వెళ్లింది. అక్కడి మ్యూజియంలో పెద్దాయన ఒకరు మంచివాడే, చాలాసేపు చూశాడట. మిగిలిన ముక్క నుంచి డీఎన్‌ఏ తీయవచ్చు, వేరే రకమని అది చెప్పవచ్చు కూడా. కానీ కాలు లేదు, తల లేదు, తోక లేదు. అది ఎలా ఉంటుందో చూపించడానికి ఏమీ లేదు. ఇంకో మగది దొరికే దాకా ఆగమన్నాడు. అక్క అదే రోజు బస్సులో తిరిగి వచ్చి, మరునాడు కాలేజీలో పాఠం చెప్పింది.

ఏటా దసరా అయిన వారానికి దుమ్ము బస్తాలు కొనేవాడు వస్తాడు. ఆ ఏడాది బాపు వాడిని వాకిట్లోంచే పంపేశాడు. కార్ఖానా దుమ్మంతా మూడు బస్తాలైంది. మూడింటినీ డాబా మీదికి ఎక్కించుకున్నాడు. నల్లగుడ్డ పరిచి, దాని మీద ఒక పిడికెడు దుమ్ము పల్చగా విడదీసి, ఇత్తడి అద్దం కంటికి పెట్టి, చిమ్టాతో ఒక్కో పోగూ పక్కకు తీస్తూ కూచున్నాడు. దీపావళికి మొదలుపెట్టాడు. ఎండ ఉన్నంతసేపూ అదే పని. అప్పటికి ఆయనకు డెబ్బై రెండేళ్లు.

“కండ్లు వోతయి నీకు. దుమ్ముల ఈగ కాలు దొరుకుతదా ఎక్కడన్న?” అని అవ్వ పోరేది.

“రెండువేల పోగులల్ల తెగిన పోగు దొరకవట్టినోన్ని. ఇది దొరకదా?” అనేవాడు.

కొన్నాళ్లకు అక్క కూడా కాలేజీ నుంచి రాగానే డాబా మీదికి వెళ్లి పక్కన కూచోవడం మొదలుపెట్టింది. వలకు పని లేదు. వరాలా తలావ్‌కు పోవడం మానేసింది. నేను టీ ఇవ్వడానికి వెళ్లి గ్లాసులు పెట్టి వచ్చేవాణ్ణి. ప్రతిరోజూ మెట్లెక్కేటప్పుడు ఈరోజు చెప్పేస్తాననుకునేవాణ్ణి. దిగేటప్పుడు రేపు అనుకునేవాణ్ణి. మింగలేక కక్కలేక నాలుగు నెలలు గడిపాను.

శివరాత్రి అయిన రెండో రోజు బాపు ఒక అగ్గిపెట్టె తెచ్చి అక్క బల్ల మీద పెట్టాడు. లోపల నల్ల కాగితం మీద పందొమ్మిది ముక్కలు, పొడుగును బట్టి వరసగా పేర్చి ఉన్నాయి. బొద్దింక మీసం ఉంది, దోమ కాళ్లున్నాయి, మామూలు ఈగల కాళ్లున్నాయి.

“గీ పదమూడోది చూడు బిడ్డా. కుచ్చు ఉన్నట్టున్నది.”

అక్క దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టింది. నేను గడప దగ్గర నిలబడ్డాను. ఎంతసేపు చూసిందో! కింద రెండు సాంచలు ఆగి, మళ్లీ మొదలైన దాకా చూసింది.

“దొరికింది బాపు. గిదే.”

“సరిగ్గ చూసినవా?”

“చూసిన.”

బాపు తల ఊపాడు. జేబులోంచి ఇత్తడి అద్దం తీసి ఆమె బల్ల మీద పెట్టాడు. “ఇగ నాకెందుకు, నువ్వే ఉంచుకో. రేపటి సంది నీ చెరువు కాడికి వో. గా బస్తాలు అమ్మేస్త” అన్నాడు. ఆ మధ్యాహ్నం, నాలుగు నెలల్లో మొదటిసారి, మారు అన్నం పెట్టించుకున్నాడు.

నాకు ఎంత తేలికైందో చెప్తే మీరు నన్ను తిడతారు. కాలు దొరికింది, అంటే పోయింది ఏమీ లేదు, అంటే నేను చెప్పవలసింది కూడా ఏమీ లేదు. ఇలా లెక్క వేసుకొని ఆ రోజు హాయిగా తిరిగాను. తర్వాత అప్పుడప్పుడు బాపు “పేరు వెట్టినవా?” అని అడిగేవాడు. “రాస్తున్న బాపు. టైం వడ్తది” అనేది అక్క. ఏడాదిన్నర పాటు అదే ప్రశ్న, అదే జవాబు.

2024 వానాకాలంలో బాపు పోయాడు. ఊపిరితిత్తుల నిండా నూలు దుమ్మే ఉందని డాక్టర్ చెప్పాడు. మాకు అది కొత్త సంగతి కాదు, పద్మనగర్‌లో చాలామంది జాబర్లు అలాగే పోయారు. దినాలు చేశాం. అక్క పదకొండో రోజు కాలేజీకి వెళ్లింది. కార్ఖానా కూడా సగమైంది. ఎనిమిదిలో నాలుగు సాంచలు పాత ఇనుముకు వెళ్లిపోయాయి. ఆరో నంబర్‌ను మాత్రం ఉంచుకున్నాం. ఎందుకు అని ఒకరినొకరం అడుక్కోలేదు.

ఈ సంవత్సరం నవమి నాడు నేను హవా తెప్పించలేదు. నాలుగు సాంచలే గనక గుడ్డతో తుడిచాను. తర్వాత మైక్రోస్కోపు తుడవడానికి పైకి వెళ్లాను. బాపు పోయాక ఆ పని ఎవరూ చేయలేదు. పక్కనే చెక్క డబ్బా ఉంది. అద్దం మూతలోంచి చూస్తే కొత్త ఈగలు చాలా ఉన్నాయి. మూలన ఒక పిన్నుకు ఛాతీ ముక్క, దాని పక్క పిన్నుకు చిన్న అట్టముక్క మీద అతికించిన సన్నటి పోచ ఒకటి. కాలు అదే అన్నమాట. మిగతా చీటీలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి, దాని కింది చీటీ ఒక్కటే తెలుగులో ఉన్నట్టు కనబడింది. మా అక్క మరాఠీలో చదువుకుంది. తెలుగు రాయడం బాపు దగ్గర నేర్చుకుంది గానీ రాయగా నేను చూసింది తక్కువ. సొరుగులోంచి ఇత్తడి అద్దం తీసి మూత మీద ఆనించి చదివాను.

‘నూలు పోగు. ఈగ కాలు కాదు. పద్మనగర్, 20.2.2023. వెతికినది ఎనగందుల హనుమాండ్లు.’

మళ్లీ చదివాను. అక్షరాలు మారలేదు. అక్క బంతిపూల దండ పట్టుకొని లోపలికి వచ్చింది. నా చేతిలో అద్దం చూసింది.

“అక్కా, ఆ దినం బాపు నన్ను అడిగిండు. నీకు ఫోన్ చెయ్యమన్నడు. కొట్టుమన్నది నేను.”

“తెల్సు.”

“ఎట్ల?”

“నన్ను అడగకుంట బాపు నా డబ్బ ఎన్నడన్న ముట్టిండా? నేను ఇంట్ల లేను. నిన్నే అడిగి ఉంటడు.”

“మరి నన్నెందుకు అడగలే?”

“నువ్వు చెప్తవని చూసిన” అంది. కోపంగా అనలేదు. కోపంగా అంటే నిలబడగలిగేవాణ్ణి. మంచం అంచున కూచున్నాను. నాకు ఇంకో సంగతి అడగాలని తోచింది.

“బాపుతోటి అబద్ధం ఎందుకు చెప్పినవ్? పాపం, నిజంగనే దొరికిందనుకొని పోయిండు.”

అక్క మైక్రోస్కోపుకు దండ వేస్తూ ఆగింది. నన్ను ఎప్పుడూ చూడనట్టు చూసింది.

“యాభై ఏండ్లు పోగులు చూసిన మనిషిరా. పోగు ఏదో కాలు ఏదో నాకన్న ముందు బాపుకే తెల్సు. నాలుగు నెలల సంది నేను పని ఇడిసిపెట్టి దుమ్ముల కూసుంటున్న. నన్ను లేపేతందుకు గా పోగు తెచ్చిండు. బాపును లేపేతందుకు నేను దొరికిందన్న. నువ్వొక్కనివే నమ్మినవ్.”

నాకు ఏడుపు రాలేదు. రావాలని చూశాను గానీ రాలేదు. అక్క దండ సరిచేసి, వల తీసుకొని కిందికి వెళ్లింది. కాసేపటికి నేనూ వెళ్లాను. సాంచలు ఆగి ఉన్నాయి, ఊరంతా నిశ్శబ్దంగా ఉంది. ఆరో నంబర్ సాంచ ముందు ఆమె స్టూలు వేసుకొని కూచుంది. నేను పక్కన నేల మీద కూచున్నాను. దండ మీదికి ఈగలు వచ్చాయి, గాల్లో నిలబడ్డాయి, పోయాయి. పొద్దు గూకే దాకా చూశాం. మగది రాలేదు.